ఆత్మకూరు గాలి, ఉదయగిరి కొండ

డిసెంబరు నెలాఖరు. తుపాన్లు వెలిసి చెరువుల్లో నాలుగు నీళ్లు చేరిన రోజులు. ఆత్మకూరులో టీకొట్ల పొయ్యిలు అప్పుడే అంటుకుంటున్నాయి. పన్నెండు మంది సైకిళ్లు గోడకానించి, చలికి చేతులు రుద్దుకుంటూ రెండో టీ తాగుతున్నారనుకుందాం. వాళ్లలో ఒకడు బక్కపల్చటి కుర్రాడు, 55 కిలోలు. ఇంకొకాయన బ్యాంకులో పనిచేస్తాడు, 85 కిలోలు. జట్టంతా ఆయన్ని ‘మేనేజరన్నా’ అంటుంది. ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకోండి. ఈ అధ్యాయమంతా దారిపొడుగునా వాళ్ల మధ్య పెరుగుతూ తరుగుతూ పోయే ఎడం గురించే.

దారి సులువుగానే అర్థమవుతుంది. ముందు ఉత్తరానికి, ఏ.ఎస్.పేట దర్గా పక్కగా వింజమూరు. అక్కడ పడమరకు తిరిగితే ఉదయగిరి. కాళ్లలో ఇంకా ఓపికుంటే సీతారామపురం వైపు కొండల్లోకి. తూర్పున పెన్నా కాలవల కింద వరి పండే నెల్లూరు వేరు, ఈ పడమటి మెట్ట వేరు. ఇక్కడ పొగాకు, కంది, మినుము, నిమ్మతోటలు. ఎదురుగా ఆకాశం అంచున నల్లగా గీత గీసినట్టు వెలిగొండలు. పొద్దున్నే అవి దగ్గరగా కనిపించి సైకిలువాణ్ణి మోసం చేస్తాయి.

మొదటి గంట సైకిలు తొక్కేవాడి అసలు శత్రువు కంటికి కనపడదు. రోడ్డు చదునుగా ఉంది, గంటకు 25 కిలోమీటర్ల వేగం. 70 కిలోల మనిషి, సైకిలూ నీళ్లూ కలిపి మరో 15 కిలోలు. ఈ వేగం నిలబెట్టడానికి అతని కాళ్లు సుమారు 115 వాట్లు ఇవ్వాలి. అందులో టైర్లు రోడ్డుమీద నలుగుతూ తినేది 35 వాట్లు, చైను తినేది రెండు మూడు. మిగతాదంతా, అంటే దాదాపు 78 వాట్లు, గాలిని పక్కకు నెట్టడానికే పోతుంది. అంటే మూడింట రెండు వంతుల చాకిరీ గాలికే. వేగం 30కి పెంచితే గాలి ఒక్కటే 134 వాట్లు అడుగుతుంది. వేగం పెరిగింది ఐదో వంతు, ఖర్చు పెరిగింది 70 శాతం పైన. ఎందుకంటే వేగం రెట్టింపైతే గాలి నాలుగింతల బలంతో అడ్డుపడుతుంది. ఆ నాలుగింతల అడ్డును రెట్టింపు వేగంతో నెట్టాలి కాబట్టి కాళ్ల ఖర్చు ఎనిమిదింతలవుతుంది. చిన్నప్పుడు అద్దె సైకిలు తీసుకుని గంటలో ఊరంతా చుట్టేయాలని చూసిన వాళ్లెవరికైనా ఈ లెక్క తొడల్లో తెలుసు, కాగితం మీద తెలియకపోవచ్చు.

ఇక్కడ మన కుర్రాడికీ మేనేజరన్నకీ తేడా ఎంత? టైర్ల రాపిడి బరువును బట్టి ఉంటుంది కాబట్టి అన్నకు కాస్త ఎక్కువ. లెక్కేస్తే ఇద్దరి మధ్యా పన్నెండు వాట్లే తేడా. ఛాతీ వెడల్పును కూడా లెక్కలోకి తెస్తే ఇంకొంచెం. మొత్తానికి చదును నేలమీద లావూ సన్నమూ పెద్దగా లేవు. కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కనే పోవచ్చు.

ఒకరి వెనక ఒకరు పోతే ఇంకా మేలు. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతే అతని వీపు వెనక కాసేపు సుడులు తిరిగే, అతని వెంటే ఈడ్చుకుపోయే గాలి మిగులుతుంది. ఆ గాలి ఎలాగూ ముందుకే పోతోంది కాబట్టి అందులో దూరినవాడికి ఎదురుగాలి తగ్గినట్టే. అమెరికాలో చెస్టర్ కైల్ 1979లో కొలిచి, చక్రం వెనక చక్రం పెట్టి తొక్కేవాడికి గాలి అడ్డు 38 శాతం దాకా తగ్గుతుందన్నాడు. పందెగాళ్లలా జానెడు ఎడంలో తొక్కడం ఆదివారం సవారీకి వచ్చిన వాళ్లకు మంచిది కాదు. కాస్త దూరంగా ఉన్నా మూడో వంతుకు దగ్గరగా ఆదా అవుతుంది. అంటే 115 వాట్ల పని 90 చిల్లరకు దిగుతుంది. పెద్ద గుంపైతే విచిత్రమే. బెర్ట్ బ్లాకెన్ అనే ఇంజినీరు బృందం 2018లో 121 మంది పందెగాళ్ల గుంపును కంప్యూటర్లోనూ గాలిసొరంగంలోనూ నమూనాగా పెట్టి చూసింది. గుంపు నడుమ వెనక భాగంలో ఉన్నవాడికి తగిలే గాలి అడ్డు, ఒంటరిగా పోయేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేలింది. ఇంకో తమాషా ఏమంటే వెనకవాడి వల్ల ముందువాడికీ కొంచెం లాభముంది. ముందువాడి వీపు వెనక ఏర్పడే వెలితిని వెనకవాడు కొంత పూడుస్తాడు కాబట్టి ముందువాణ్ణి వెనక్కి లాగే బలం నూటికి రెండు మూడు వంతులు తగ్గుతుంది. వెనకవాడు పరాన్నజీవి అని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే మన మెట్టలో గాలి ఎప్పుడూ ముఖం మీదికి రాదు. ఈ కాలంలో అది ఈశాన్యం నుంచి వస్తుంది. వింజమూరు వైపు ఉత్తరంగా పోతుంటే కుడివైపు ముందు నుంచి కొడుతుంది. అప్పుడు గాలిచాటు సరిగ్గా వెనక ఉండదు, ఎడమవైపు వెనక ఉంటుంది. వరస ఏటవాలుగా, కొంగల బారులా, ఎడమకు జారుతూ పోవాలి. చిక్కేమిటంటే మనం నడిచేదే రోడ్డు ఎడమ అంచున. ముందువాడు తెల్లగీత మీదే పోతే వాడి చాటు మట్టిలో, తుమ్మకంపలో పడుతుంది, ఎవరికీ పనికిరాదు. అందుకే తెలిసినవాడు ముందుంటే కాస్త లోపలికి జరిగి, తన ఎడమ పక్కన ఒక మనిషికి చోటు వదిలి తొక్కుతాడు. లారీ హారన్ వినగానే అంచుకు జరుగుతాడు. ఎంత మంచివాడైనా ఇంత సన్నటి రోడ్డుమీద ఇద్దరికి మించి చాటు ఇవ్వలేడు. మిగతా వాళ్లు వరసగా అంచు పట్టుకుని గాలి తింటూ రావలసిందే. పక్కగాలి రోజున జట్టు మధ్యలో తెగిపోయేది ఇందుకే గాని వెనకవాళ్ల బద్ధకం వల్ల కాదు.

చాటులో పోయేవాడికి ముందు రోడ్డు కనపడదు. ముందువాడి చెయ్యే వాడి కన్ను. గుంత ఉంటే చెయ్యి కిందికి చూపుతాడు, ‘గుంతబ్బా!’ అని ఒక కేక. ఆ కేక నోటి నుంచి నోటికి వెనక్కి పాకుతుంది. గొర్రెల మంద అడ్డొస్తే మాత్రం సైగలతో పని లేదు, అందరూ దిగాల్సిందే. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా పొడుగు జాతి. పొడుగు కాళ్లతో, ఉన్నిలేని నున్నటి వంటితో దూరం నుంచి మేకని భ్రమపడతాం. తెల్లగా ఉంటే పల్ల, మూతిమీద నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే డోర. ఇవి రోడ్డు దాటేటప్పుడు ఒకదాని చాటున ఒకటి పోవడం చూసి మేనేజరన్న ‘వీటికెవరు నేర్పారబ్బా’ అంటాడు. అవి పోయేది గాలి కోసం కాదు, భయానికి.

వింజమూరు దగ్గర పడమరకు తిరగ్గానే కాళ్ల కింద నేల కథ కూడా మారుతుంది. నెల్లూరు జిల్లా కింద పరుచుకున్న పురాతన శిలల పట్టీని భూవిజ్ఞానులు నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. దాన్ని రెండు భాగాలుగా విడదీసి వాటికి ఈ రెండు ఊళ్ల పేర్లే పెట్టారు. తూర్పున బాగా ఉడికి రూపు మారిన రాళ్లు వింజమూరు వర్గం. పడమట అంతగా ఉడకని, ఒకప్పటి ఇసుకా బురదా గట్టిపడి పలకలుగా మారిన రాళ్లు ఉదయగిరి వర్గం. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఈ పట్టీ మొత్తం పడమటికి జరిగి కడప దిక్కు శిలల మీదికి ఎగబాకింది. ఆ ఒత్తిడిలో మడతలు పడ్డ గట్టి క్వార్ట్‌జైటు పొరల్ని వానా ఎండా అరగదీయలేకపోయాయి. మెత్తటి రాళ్లు పల్లమయ్యాయి, గట్టివి వెలిగొండలై మిగిలాయి. సైకిలెక్కినవాడి రొప్పు వెనక ఇంత పాత గొడవుంది.

ఇప్పుడు కొండ. వంద మీటర్లు పోతే ఐదు మీటర్లు ఎక్కే ఎగువ, మూడు కిలోమీటర్ల పొడవు అనుకుందాం. చదునులో గాలి మూడింట రెండు వంతులు తినేసిందని కదా చెప్పుకున్నాం. ఎగువలో వేగం పదికి పడిపోతుంది. ఆ వేగానికి గాలి అడిగేది ఐదే వాట్లు. మిగతా ఖర్చు దాదాపు అంతా బరువును పైకి మోయడానికే. మేనేజరన్న ముందువాడి చక్రం వెనక దూరి మూడో వంతు గాలి ఆదా చేసుకున్నా ఆయనకు మిగిలేది ఒకటిన్నర వాట్లు. ఆ మాత్రం శక్తి ఒక లీటరు నీళ్లు తగ్గించినా మిగులుతుంది. చదునులో పన్నెండు మందినీ ఒక్క ప్రాణిలా కట్టి ఉంచిన తాడు గాలి. కొండ మొదట్లోనే ఆ తాడు ఊడిపోయింది. భూమి లాగే బలానికి చాటు లేదు. ఒకరి వెనక ఒకరు నక్కినంత మాత్రాన ఎవరి బరువూ తగ్గదు.

ఇద్దరూ సమానంగా 150 వాట్లు ఇస్తున్నారనుకోండి. ఇద్దరి గుండెలూ ఒకేలా కొట్టుకుంటున్నాయి, ఇద్దరూ ఒకే చాకిరీ చేస్తున్నారు. కుర్రాడు సైకిలుతో కలిపి 70 కిలోలు, గంటకు 13 కిలోమీటర్లతో ఎక్కుతాడు. అన్న 100 కిలోలు, తొమ్మిదిన్నరతో ఎక్కుతాడు. మూడు కిలోమీటర్ల ఎగువ కుర్రాడికి పద్నాలుగు నిమిషాలు, అన్నకు పంతొమ్మిది. ఐదు నిమిషాల ఎడం. పట్టుదల, అలవాటు, వయసు, ఏదీ లెక్కలోకి రాకుండానే ఇంత తేడా. పైన చెట్టు నీడన కూర్చుని ‘అన్న ఈమధ్య తొక్కడంలా’ అని కామెంటు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అన్న ఆ పంతొమ్మిది నిమిషాల్లో చేసిన పని కుర్రాడు పద్నాలుగు నిమిషాల్లో చేసినదానికన్నా ఎక్కువ.

దానికి తోడు వేడి. మన కండలు తిన్న తిండిలో పాతిక శాతం కూడా చక్రానికి ఇవ్వవు. 150 వాట్ల పనికి మరో 500 వాట్లు వేడిగా బయటికి పోవాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడిలో సగం అనుకోండి. చెమట ఆరితేనే ఆ వేడి పోతుంది. గంటకు ముప్పావు లీటరు చెమట పూర్తిగా ఆవిరి కావాలి. చదునులో సొంత వేగమే విసనకర్ర. కొండమీద వేగం లేదు. పైగా మనం పడమరకు ఎక్కుతున్నాం, గాలి ఈశాన్యం నుంచి వీపు మీదికి వస్తోంది. గాలీ మనమూ ఒకే వేగంతో పోతున్నప్పుడు వంటికి గాలే తగలదు. ఆకులు కదులుతుంటాయి, మనకు మాత్రం ఉక్కగా ఉంటుంది. చెమట ఆరకుండా ముక్కు చివర నుంచి బొట్లు బొట్లుగా రాలుతుంది. రాలిన చెమట వల్ల ఒళ్లు చల్లబడదు, నీళ్లు దండగ. వెనకగాలి వరమని చదునులో నేర్చుకున్న పాఠం ఎగువలో తలకిందులవుతుంది. ఇంకో సంగతి: ఈ మెట్టలో బోరునీళ్లలో ఫ్లోరైడు సమస్య పాతది. కాబట్టి కనపడిన పంపు దగ్గరల్లా సీసా నింపుకోవడం కన్నా ఊళ్లో మంచినీళ్లు కొనుక్కునో, ఇంటి నుంచి ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకునో పోవడం నయం.

ఊరి సైకిలు, ఆ నల్లటి ఇరవై కిలోల గుర్రం, ఇదే కొండమీద ఎందుకు మొరాయిస్తుందో కూడా లెక్క చెబుతుంది. ముందు పళ్లచక్రానికి 44, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లుంటే పెడలు ఒక్క చుట్టుకు బండి 5.4 మీటర్లు పోతుంది. మేనేజరన్న వేగంలో ఎక్కితే నిమిషానికి 29 చుట్లే. అంత నెమ్మదిగా తిప్పుతూ 150 వాట్లు ఇవ్వాలంటే పెడలు మీద సగటున 29 కిలోల బరువుకు సమానంగా నొక్కుతూనే ఉండాలి. పెడలు పైనా కిందా ఉన్నప్పుడు బలం పనిచేయదు కాబట్టి మధ్యలో నొక్కేది దీనికి రెట్టింపు దాకా పోతుంది. గేర్ల సైకిలులో ముందు 34, వెనక 32 పళ్ల మీదికి మారిస్తే చుట్టుకు 2.2 మీటర్లే. నిమిషానికి 72 చుట్లు, నొక్కుడు 12 కిలోలు. పని తగ్గలేదు, ఒక్క వాటు కూడా తగ్గలేదు. చిల్లర చేసుకున్నాం, అంతే. కండకు పెద్దనోటు కన్నా చిల్లర సులువు.

ఇంత చిన్న సంగతి మీద ఫ్రాన్సులో పెద్ద రగడ నడిచింది. సెంత్ ఎతియెన్ అనే కొండల ఊళ్లో పాల్ ద వివీ అనే ఆయన, వెలోసియో అనే కలంపేరుతో, గేర్లు మార్చే సైకిళ్ల కోసం జీవితాంతం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి అది ముసలివాళ్ల వేషంలా కనిపించింది. ఆ పందెంలో గేర్లు మార్చే డెరాయిలర్‌ను 1937 దాకా రానివ్వలేదు. ఆ పట్టుదల నాకెప్పుడూ అర్థం కాలేదు. గడ్డిమోపు కట్టుకుని ఎగువలో దిగి సైకిలు తోసుకుపోయే మన రైతుకి అలాంటి పౌరుషం లేదు. గంటకు ఐదారు కిలోమీటర్ల కిందికి వేగం పడితే సైకిలు నిలపడానికే సగం ఓపిక పోతుంది, నడక చౌక. ఆయన ఎప్పుడు దిగాలో ఏ ఇంజినీరూ చెప్పక్కరలేదు.

కొండ జట్టును విడగొడుతుంది కదా, మరి జట్టుగా ఎలా పోవాలి? దీనికి సైకిలు లోకం రెండు జవాబులు కనిపెట్టింది. 1897లో ఇటలీలో కొందరు రోమ్ నుంచి నేపుల్స్ దాకా ఒక్క రోజులో తొక్కి తమను ‘ఆడాక్స్’, అంటే సాహసులు, అనుకున్నారు. 1904లో ఫ్రాన్సులో ఆ పేరుతోనే మొదలైన సవారీలో ముందు ఒక నాయకుడుంటాడు, చదునులో గంటకు ఇంతని వేగం కట్టుబాటు, అతణ్ణి ఎవరూ దాటకూడదు. తర్వాత 1921లో రెండో పద్ధతి వచ్చింది: ఎవరి వేగం వాళ్లది, గడువు మాత్రమే ఉమ్మడి. మన దేశంలో ఆడాక్స్ ఇండియా నడిపే సవారీలు ఈ రెండోదానికి చెందినవి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కి నలభై గంటలు. సగటు గంటకు పదిహేనే. దానిలో టీ, పంక్చరు, కొండ, కునుకు అన్నీ సర్దుకోవాలి. ఆదివారం జట్లు మాత్రం ఈ రెంటినీ కలిపి మూడోది వండుకున్నాయి: చదునులో కలిసి, ఎగువలో ఎవరికి వాళ్లు, పైన చివరివాడు వచ్చేదాకా ఆగడం. ఒక చిన్న సవరణ అవసరమని నా అభిప్రాయం. చివరివాడు రాగానే ‘పదండి’ అంటారు. ముందొచ్చిన వాళ్లకు ఐదు నిమిషాల విశ్రాంతి దొరికింది, ఎక్కువ పని చేసిన వాడికి దొరకలేదు. ఆయన వచ్చాక మరో ఐదు నిమిషాలు ఆగాలి.

ఉదయగిరిలో టిఫిను. ఆరు గంటల తొక్కుడుకు ఒంటికి 2,300 కేలరీలకు పైగా కావాలి. కండల్లో, కాలేయంలో గ్లైకోజన్‌గా దాచుకున్నది మహా అయితే రెండు వేలు. కొవ్వు కావలసినంత ఉంది గాని అది తడికట్టె, నెమ్మదిగా మండుతుంది. గ్లైకోజన్ అడుగంటితే కళ్లు బైర్లు కమ్మి కాళ్లు ఉన్నట్టుండి తడిమట్టవుతాయి. కాబట్టి ఆకలి వేయకముందే తినాలి. ఇక్కడ మొహమాటపడకండి.

తింటూ తలెత్తితే కోట. మూడు వేల అడుగులకు పైబడిన కొండ. గజపతుల చేతిలో ఉన్న దీన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గాని పట్టుకోలేకపోయాడు, దాదాపు ఏడాదిన్నర. తన మనుషులు బురుజుల దగ్గరికి చేరడానికి కొండరాళ్లు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. ఎత్తు అనేది ముందే చెల్లించిపెట్టుకున్న శక్తి. పైనున్నవాడు రాయి వదిలితే చాలు. కిందివాడు 70 కిలోల ఒంటిని ప్రతి వంద మీటర్లకు 70 వేల జౌళ్ల చొప్పున మోసుకుంటూ, ఆపైన కత్తి తిప్పాలి. రాయలు దారి వేయించడమంటే తన సైన్యానికి గేర్లు మార్చడమే: అదే ఎత్తును పొడవాటి, వాలు తక్కువైన దారిగా చిల్లర చేసుకున్నాడు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని దించి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మేనేజరన్న ఇక్కడి పేరున్న చెక్క గరిటెలు నాలుగు కొని సంచిలో వేసుకుంటాడు. ‘బరువన్నా’ అంటాడు కుర్రాడు. ‘నాకేం తేడా రాదులే అబ్బయ్యా’ అంటాడాయన. నిజమే, వందకు పావుకిలో.

తిరుగు దారిలో కొండ దిగుడు. ఇప్పుడు బరువు జట్టు మారుస్తుంది. అదే వాలులో పెడలు కదపకుండా వదిలేస్తే కుర్రాడి వేగం గంటకు 41 దగ్గర ఆగుతుంది, అన్నది 49 దాకా పోతుంది. బరువైనా తేలికైనా ఒకే వేగంతో పడతాయని గెలీలియో చెప్పాడు కదా అంటారా? అది గాలి లేనిచోట. ఇక్కడ కిందికి లాగే బలం బరువును బట్టి పెరుగుతుంది, ఆపే గాలి మాత్రం ఛాతీ వెడల్పును బట్టి పెరుగుతుంది. బరువు పెరిగినంతగా వెడల్పు పెరగదు. మేనేజరన్న చెవుల్లో గాలి హోరెత్తిస్తూ కుర్రాణ్ణి దాటిపోతాడు, పొద్దుట్నుంచీ ఆయన మొహంలో లేని నవ్వు ఇప్పుడుంది.

ఈ వేగంలో వెనక చాటుకు దూరకూడదు. గంటకు 45లో బ్రేకు పట్టాలని తోచి వేళ్లు బిగిసేలోపే పన్నెండు మీటర్లు గడిచిపోతాయి, ఆగేసరికి ఇంకో పదహారు. బ్రేకులూ ఉచితం కాదు. 85 కిలోలు వంద మీటర్ల ఎత్తు దిగుతూ ఆ శక్తినంతా బ్రేకులకే అప్పగిస్తే అది లీటరు నీళ్లను ఇరవై డిగ్రీలు వేడెక్కించేంత. ఆ వేడి రిమ్ముకూ రబ్బరు ముక్కలకూ ఎక్కుతుంది. అందుకే అదేపనిగా పట్టి ఉంచకుండా మలుపు ముందు గట్టిగా పట్టి వదిలేస్తుండాలి.

సరే, అన్న దిగుడులో ఎంత సంపాదించాడు? మూడు కిలోమీటర్లు ఆయనకు మూడు నిమిషాల నలభై సెకన్లు, కుర్రాడికి నాలుగు నిమిషాల ఇరవై చిల్లర. లాభం నలభై చిల్లర సెకన్లు. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్నది ఐదు నిమిషాలు. నెమ్మదిగా పోయే చోట ఎక్కువసేపు ఉంటాం, వేగంగా పోయే చోట క్షణంలో దాటేస్తాం కాబట్టి కొండల దారిలో ఎక్కుడూ దిగుడూ ఎన్నటికీ సరిపోవు.

మధ్యాహ్నం తిరగ్గానే వింజమూరు వైపు రోడ్డు మళ్లీ చదునైంది. పొద్దున వీపు తట్టిన గాలి ఇప్పుడు ఎడమవైపు ముందు నుంచి మొహానికి కొడుతోంది. చెప్పకుండానే పన్నెండు మందీ దగ్గరికి జరిగారు. ముందు మేనేజరన్న, పెద్ద ఛాతీ, పెద్ద వీపు. చదునులో ఆయన ఇచ్చే చాటు ఇంకెవరూ ఇవ్వలేరు. కుర్రాడు ఆయన వెనక కుడివైపుకి దూరి తల వంచుకున్నాడు. ‘ఎట్టుందబ్బయ్యా?’ అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. ‘కొంచెం ఇటు జరుగన్నా’ అన్నాడు కుర్రాడు.